గులాం మొహమ్మద్ గీసిన ఒడ్డు

ఈ గొడవంతటికీ మొదటి ముద్దాయిని నేనే. ఆ సంగతి ముందుగా ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

నా పేరు శ్రీరామ్మూర్తి. సబ్బవరం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, నాగలి పట్టమంటే పెన్సిలు పట్టి, మా నాన్న చేత నానా తిట్లూ తిని, చివరికి విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేశాను. డ్రాయింగు మాస్టారంటే మిగతా వాళ్ళకి ఎంత లోకువో ఇక్కడ చెప్పను. చెబితే బీపీ పెరుగుతుంది. లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోతే నా పీరియడే కావాలి. పోనీ మిగిలిన పీరియడ్లలోనైనా పిల్లలు నేను చెప్పింది గీశారా అంటే అదీ లేదు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళూ అవే కొండలు, అదే సూర్యుడు.

రిటైరైన రోజున అందరూ నాకు శాలువా కప్పే హడావిడిలో ఉంటే, నేను క్లాసు గోడ మీదున్న ప్రపంచ ప్రసిద్ధ చిత్రాల ప్రింట్లని ఊడదీసి, చుట్టగా చుట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. అవి నేను సొంతంగా తెప్పించుకున్నవి కాబట్టి దొంగతనం కాదు. ఆ చుట్ట నాలుగేళ్ళు మా బీరువా మీద దుమ్ము తింటూ పడుంది. దాన్ని దింపి విప్పిన రోజు నుంచే ఈ కథ.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల గులాం మొహమ్మద్ ఉంటాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గడ్డం ఎప్పుడో తెల్లబడింది కాని తెల్లగా ఎవరూ చూసి ఎరగరు. ఓ రోజు దాన్లో నీలం మరక, ఓ రోజు ఎర్ర మరక. గడ్డం చూసి ఇవాళ ఏ రంగు పని జరిగిందో మా సందులో వాళ్ళు చెప్పేస్తారు. వాళ్ళ నాన్న వన్ టౌన్ దుకాణాలకి బోర్డులు రాసేవాడు. గులాంకి ఆ చెయ్యే వచ్చింది. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, ఒడియా నాలుగు లిపులూ ముత్యాల్లా రాస్తాడు. చదవడం మాత్రం రెండే వచ్చు. మిగతా రెండూ చూసి రాసేస్తాడు, తప్పు పోదు.

అతనికి ఒక నియమం ఉంది. మనిషి మొహం గీయడు. జంతువుకైనా సరే కళ్ళు పెట్టడు. “ఊపిరి పొయ్యలేనోడివి, కళ్ళెందుకు పెడతావురా” అని వాళ్ళ నాన్న చిన్నప్పుడే చెప్పాడట. మంగలి షాపు బోర్డు మీద క్రాపు తల వేయమంటే దువ్వెన, కత్తెర వేసి సరిపెట్టేవాడు. ఎవరెంత బతిమాలినా అంతే. చాదస్తమని నేను చాలాసార్లు దెప్పాను. నవ్వేసి ఊరుకునేవాడు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పొద్దున్న చెబితే సాయంత్రానికి తయారయ్యే బోర్డు ఉండగా వారం రోజులు గులాం కోసం ఎవరాగుతారు? ఒక్కో దుకాణం మీద అతని అక్షరాలు మాయమైపోతూ వచ్చాయి. అప్పుడతను ఫిషింగ్ హార్బరుకి మారాడు. ఏటా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, సముద్రంలో వేట నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ మరబోట్లన్నీ ఒడ్డున చేరి మరమ్మతులు చేయించుకుని, కొత్త రంగులు వేయించుకుంటాయి. బోటు ముక్కు మీద పేరు రాయడం, పక్కన పువ్వులూ చుక్కలూ చేపలూ వేయడం గులాం పని. పదిహేనేళ్ళుగా హార్బరులో అందరికీ అతను భాయ్. పడవకి కళ్ళు వేయమని ఎవరైనా అడిగితే, “సరంగుకి రెండున్నాయి కదా బావూ, పడవకెందుకు?” అంటాడు. సరంగంటే బోటు నడిపేవాడు.

పోయినేడు గులాం రంగు వేయడానికి బోటు పక్కన కట్టుకున్న పలక మీద నుంచి జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. దాంతో అతని భార్య ఆమినాబీ పట్టు పట్టింది. చాలు, ఇంక దిగండి అని. కూర్మన్నపాలెం జంక్షన్లో వాళ్ళ అల్లుడు జాకీర్‌కి షాపుంది. ఏం షాపో చెప్పమంటారా? ఫ్లెక్సీ ప్రింటింగు. దేవుడికి హాస్యమెక్కువ. జాకీర్ మంచి కుర్రాడే. “మామా, ఏసీలో కుర్చీ వేసి ఉంచాను. వచ్చినోళ్ళకి డిజైన్లు చూపిస్తే చాలు” అని మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. మొత్తానికి భార్యాభర్తలు ఒక ఒప్పందానికొచ్చారు. ఈ సీజన్లో తన చేతి బొమ్మ కావాలని జనం వస్తే గులాం హార్బరులోనే ఉంటాడు. రాకపోతే, వేట మొదలయ్యే జూన్ పదిహేనున జాకీర్ దగ్గరికి వెళ్ళిపోతాడు.

“ఆ కుర్చీలో కూకుంటే సెయ్యి సచ్చిపోద్ది మేస్టారూ,” అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు. కాని నాకు నవ్వు రాలేదు. ఆ ఏడాది బోట్ల మీద అంటించే స్టిక్కర్లు కూడా హార్బరులోకి దిగాయి మరి.

మే ఆఖరి వారంలో గణేష్ అనే కుర్ర ఓనరు గులాంని పట్టుకున్నాడు. “భాయ్, ఈ చేపలూ పువ్వులూ వొద్దు. హార్బరు మొత్తం తిరిగి సూడాల. అలగేదన్నా గియ్యి,” అన్నాడు. గులాం నేరుగా మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. నాకు హుషారొచ్చింది. నలభై మంది పిల్లలు ముప్ఫై ఒక్క ఏళ్ళలో అడగని మాట ఒకడు వచ్చి అడిగితే ఆగుతానా? బీరువా మీద నుంచి చుట్ట దింపి నేల మీద పరిచాను.

మొదట మోనాలిసా వచ్చింది. గులాం మొహం పక్కకి తిప్పుకున్నాడు. “ఈవిడ నన్నే సూత్తంది. తీసీండి మేస్టారూ.”

“ఆ చూపు కోసమే ప్రపంచమంతా క్యూ కడుతుందయ్యా!”

“అందుకే తీసీమంటన్నాను.”

తర్వాత పొద్దుతిరుగుడు పువ్వులు. వాటిని కాసేపు చూశాడు. “ఇవి వాడిపోతన్నాయి. వాడిన పువ్వు పడవకి కడతారేటి?” అన్నాడు. ఈ మాత్రం తెలివి తర్వాత బొమ్మ దగ్గర ఇద్దరికీ ఎందుకు లేకపోయిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాతది జపాను చిత్రకారుడు హోకుసాయి గీసిన పెద్ద అల. చాలామంది చూసే ఉంటారు. ఎడమ పక్క నుంచి కొండంత అల లేచి, అంచున నురగ గోళ్ళలా వంకర్లు తిరిగి, కిందపడబోతూ ఆగి ఉంటుంది. దాని కింద మూడు పొడుగాటి పడవలు. దూరంగా, చిన్నగా, నెత్తిన మంచుతో ఫ్యూజీ పర్వతం. నేను పాఠం అందుకున్నాను. ఆయన డెబ్బై ఏళ్ళప్పుడు గీశాడనీ, కంటిని అల ఎలా తిప్పుతుందో చూడమనీ, పెద్ద అలనీ చిన్న కొండనీ ఎలా తూచాడో గమనించమనీ. గులాం వినలేదు. గొంతుక్కూర్చుని, పడవల్లో ఉన్నవాళ్ళ తలలు వేలితో లెక్కపెడుతున్నాడు.

“మేస్టారూ, ఈళ్ళంతా సజ్దాలో ఉన్నారు.”

నమాజులో నుదురు నేలకి ఆనించడాన్ని సజ్దా అంటారు. నేను వంగి చూశాను. నిజమే. పడవలవాళ్ళు ఒక్కొక్కడూ తెడ్డు పట్టుకుని, ముందుకి వంగిపోయి, తల దించేసి ఉన్నాడు.

“ఇంత అల మీదకొత్తంటే ఒక్కడూ దూకీలేదు. సెయ్యాల్సింది సేసీసి, మిగతాది పైవాడికి ఒదిలీసినారు. ఆ కొండ సూడండి. హుద్‌హుద్ తుఫాను తెల్లారి బయటికొచ్చి సూత్తే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఒక్క ఆకు నేదు, గ్యాపకముందా? కొండ మాత్రం ఉన్నకాడే ఉంది. నాకా రోజు ఏడుపొచ్చింది మేస్టారూ. ఇది గియ్యాల. నా సేత్తో ఇది గియ్యాల.”

ఆ బొమ్మ గురించి నేను పిల్లలకి ఎన్నో చెప్పాను, ఈ మాట మాత్రం ఏనాడూ చెప్పలేదు. “గీసేయ్,” అన్నాను. సముద్రం పక్కన ఇన్నేళ్ళు బతికామే గాని ఇద్దరిలో ఎవరమూ దాని లోపలికి వెళ్ళి వచ్చినవాళ్ళం కాదు. ఆ తేడా మాకప్పుడు తట్టలేదు.

గులాం తొమ్మిది రోజులు గీశాడు. దారానికి సుద్ద రాసి బోటు ముక్కు మీద గళ్ళు కొట్టుకున్నాడు. డబ్బాలో నీలం పనికిరాదన్నాడు. నలుపూ ఆకుపచ్చా చుక్క చుక్క కలుపుతూ ఆ నీలం కోసమే మూడు రోజులు తీశాడు. బిస్మిల్లా అనుకుని మొదటి గీత లాగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తొమ్మిదో రోజుకి అల పూర్తయ్యేసరికి హార్బరులో పనులాపి మరీ వచ్చి చూశారు. ఫోటోలు తీశారు. గణేష్ దాన్ని స్టేటస్ పెట్టుకున్నాడు. మరో ఇద్దరు ఓనర్లు తమ బోట్లకీ గులాం చేతే వేయిస్తామన్నారు. గులాం గడ్డం నిండా నీలం. ఆ రోజంతా అతను నడిచినట్టు లేదు, తేలాడు.

పదో రోజున నూకరత్నం వచ్చింది.

నూకరత్నం గణేష్ తల్లి. బోటు కాగితాల్లో పేరు గణేష్‌దైనా బోటు ఆవిడది. కూతురి పురిటికని కాకినాడ వెళ్ళి ఇరవై రోజులకి తిరిగొచ్చి, చేతిలో సంచీ కూడా దింపకుండా హార్బరుకి వచ్చింది. బోటు ముందు నిలబడి చూసింది. తర్వాత ఆవిడ గొంతు లైట్‌హౌసు దాకా వినపడిందంటారు.

“ఓలమ్మా, ఓలమ్మా! ఎవుడ్రా ఇది గీసినోడు? పడవ మీద తుఫాను గీత్తారేట్రా? సముద్రంలో ఉన్నవి సాలవని ముక్కుకి కూడా తగిలించుకుని ఎల్లాలా? ఆ పడవలు మూడూ మునిగిపోతన్నాయి, కనపడ్నేదేటి?”

“అమా, అది వరల్డ్ ఫేమస్ బొమ్మే!” అన్నాడు గణేష్.

“ఫేమసైతే గీసినోడి పడవకి పెట్టుకోమను. గోకీండి. గోకీసి నీలం రంగు కొట్టీండి. అందాకా నాను కొబ్బరికాయ కొట్టను.”

ఆవిడ కాయ కొట్టకపోతే ఏమవుతుందో హార్బరులో అందరికీ తెలుసు. సరంగు తాతబాబు చేతులు కట్టుకుని, “అక్క కాయ కొట్టకండా నాను సుక్కాని ముట్టను,” అనేశాడు. మిగతా పనివాళ్ళూ వెనక్కి జరిగారు. వేయిస్తామన్న ఇద్దరు ఓనర్లూ మెల్లిగా స్టిక్కర్ల వాడి వైపు నడిచారు.

ఆ సాయంత్రం గులాం మా అరుగు మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆ బొమ్మ చూపించింది నేను కదా. నూకరత్నాన్ని నాలుగు తిడదామని నోరు తెరిచాను. అతను తిట్టనివ్వలేదు.

“ఆవిడ అన్నదాంట్లో తప్పేటుంది మేస్టారూ? నాను సజ్దా సూశాను. ఆవిడ మునిగిపోయీవోళ్ళని సూసింది. ఆ పడవలో ఎల్లీది ఆవిడ కొడుకు, నా కొడుకు కాడు. రేపు గోకీసి జాకీర్‌కి ఫోన్ సేసీత్తాను.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ప్రింటు చంకలో పెట్టుకుని హార్బరుకి బయల్దేరాను. గులాం అప్పటికే గోకుడు బిళ్ళ పట్టుకుని బోటు ముందు నిలబడి ఉన్నాడు. గీకడానికి మాత్రం చెయ్యి లేచినట్టు లేదు. నూకరత్నం ఇంకో పది మంది ఆడవాళ్ళతో కలిసి ఎండుచేపలు ఏరుతోంది. నేను ప్రింటు విప్పి క్లాసు మొదలుపెట్టాను. జపాను అన్నాను. దాదాపు రెండొందల ఏళ్ళన్నాను. ప్రపంచంలో ఇంత పేరున్న అల మరొకటి లేదన్నాను. ఆడవాళ్ళు చేపలు ఏరుతూనే విన్నారు. నూకరత్నం కిళ్ళీ ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మార్చుకుని ఒకటే ప్రశ్న వేసింది.

“అదంతా సరే మేస్టారు బావూ. ఈలు ఇంటికొచ్చారా?”

“ఎవరు?”

“ఈ పడవల్లోవోలు. తిరిగి ఇంటికొచ్చారా, రానేదా?”

“వచ్చారమ్మా, అందరూ క్షేమంగా వచ్చారు,” అని చెప్పడానికి నోరు తెరిచాను. అబద్ధమాడితే గోడ కుర్చీ వేయించినవాణ్ణి, ఒక బొమ్మని కాపాడుకోడానికి అబద్ధం చెప్పబోయాను. గులాం అడ్డొచ్చాడు.

“తెలీదమ్మా. గీసినాయన సెప్పనేదు.”

ఆ ముక్కతో మా పని అయిపోయిందనుకున్నాను. కాని నూకరత్నం లేచి, చేతులు చీరకి తుడుచుకుని, ప్రింటు తన చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. ఈసారి అరవలేదు.

“మాయన పోలిరాజు ఓపాలి తుఫానులో తప్పిపోయాడు. పదకొండు రోజులు కబురు నేదు. గాజులు తీసీమన్నారు నన్ను. నాను తియ్యనేదు. పొద్దున్న లేచి ఒడ్డుకొచ్చి నిలబడీదాన్ని, సీకటడితే ఇంటికెల్లీదాన్ని. పన్నెండో రోజు ఒడిశాలో ఒడ్డుకి సేరాడని తెల్సింది. ఆ తరవాత ఎన్నేళ్ళు అడిగినా అల గురించి సెప్పీవోడు కాదు. ‘నువ్వు ఒడ్డు మీద ఉంటావని తెల్సు, అందుకే పట్టు ఒదల్నేదు’ అనీవోడు. అదొక్కటే సెప్పీవోడు. ఆఖరికి మంచం మీద పోయాడు, నీళ్ళలో కాదు.” ఆ చివరి మాట కాస్త గర్వంగానే అంది.

తర్వాత ప్రింటుని అటూ ఇటూ తిప్పి, వెనక కూడా చూసింది.

“మరి ఈ బొమ్మలో ఒడ్డేదీ?”

నేను చూశాను. గులాం చూశాడు. అల ఉంది, పడవలున్నాయి, కొండ ఉంది. ఒడ్డు లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ బొమ్మ నా క్లాసులో వేలాడింది. దాని వంపులూ తూకాలూ అన్నీ నోటికొచ్చు. అందులో ఒడ్డు లేదన్న సంగతి నాకు ఎండుచేపలు ఏరే మనిషి చెప్పాల్సి వచ్చింది. సిగ్గేసింది. ఆ వెంటనే, ఎందుకో, బోలెడు సంతోషమేసింది.

“ఒడ్డు నేకండా అల గీత్తే ఆలు ఎక్కడికి రావాల?” అంది నూకరత్నం. “అలంటే నాకు బయమేటి? రోజూ సూత్తన్నదే. ఒడ్డు నేకపోడమే బయం.”

గులాం గోకుడు బిళ్ళ కింద పెట్టాడు. “గీత్తానమ్మా. పక్క సెక్కల మీద, అల అయిపోయిన కాడి నించీ. నాలుగు రోజులియ్యి.”

“ఒట్టి ఇసక గీత్తే సాలదు. ఎదురుసూసీ మనుషులుండాల. మనిషి నేని ఒడ్డు ఏటి ఒడ్డు? నన్ను గియ్యి. నా మొగం తెలియాల మావోడికి.”

ఈ మాటతో మిగతా పది మందీ చేపలొదిలేసి లేచారు. నన్నూ గియ్యి అంటే నన్నూ గియ్యి అని. గులాం తల గోక్కున్నాడు. గడ్డం పీక్కున్నాడు. ఆఖరికి, “నాను మొహాలు గియ్యనమ్మా,” అన్నాడు.

“మా మొకాలకేటి తక్కువొచ్చిందీ?” అని ఒకావిడ నడుం మీద చెయ్యి వేసింది.

గులాం వాళ్ళ నాన్న చెప్పిన మాట చెప్పాడు. ఊపిరి పొయ్యలేనివాడు కళ్ళు పెట్టకూడదన్న మాట. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఎవరి మొక్కు వాళ్ళది. ఆ మర్యాద హార్బరులో ఉంది. నూకరత్నమే తేల్చేసింది.

“అయితే మేం అటు తిరుగుతాం. ఒడ్డు మీద నిలబడినోలు సముద్రం కాసి సూత్తారు గానీ నీ కాసి సూత్తారేటి?”

నేను గట్టిగా నవ్వేశాను. ఇంత తేలికైన జవాబు, ఇంత సరైన జవాబు, కాలేజీల్లో చదివిన వాళ్ళెవరూ చెప్పలేరు.

ఆ నాలుగు రోజులూ నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది. ఆడవాళ్ళని వరసలో నిలబెట్టడం. పిల్లలే నయం. గులాం అటు తిరగమంటే వీళ్ళు ఇటు తిరిగి అతనేం గీస్తున్నాడో చూసేవారు. వీపులో తేడా ఏముంటుందని ముందు సణిగారు. గీయడం మొదలయ్యాక తెలిసింది ఎంత తేడా ఉంటుందో. ఒకావిడ కొప్పు ఎప్పుడూ కుడి పక్కకి జారుతుంది. ఒకావిడ బరువంతా ఎడమ కాలు మీద వేసి నిలబడుతుంది. ఒకావిడ చేపల తట్ట నెత్తిన లేకపోయినా మెడ నిటారుగానే ఉంచుతుంది. “ఒలే, ఇది నువ్వేనే, ఆ నడుం సూడు!” అని ఒకళ్ళనొకళ్ళు పట్టేసుకుని పకపకా నవ్వుకున్నారు. మధ్యలో నూకరత్నం వెడల్పు వీపు, పసుపు చీర, రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు. ఆవిడ చేతికి నిజంగా అన్ని గాజులు లేవు. “ఉండనీండి మేస్టారూ,” అన్నాడు గులాం.

నేను పెద్ద భక్తుణ్ణి కాను. గుళ్ళో కన్నా గుడి బయట చెప్పుల దగ్గర ఎక్కువసేపు నిలబడే రకం. కాని ఆ బోటు ముందు కూర్చుంటే ఒక ఆలోచన వదల్లేదు. అల కింద తల వంచి తెడ్డు పట్టుకున్నవాడిది ప్రార్థనే. సరే. ఒడ్డున తలెత్తి చూస్తూ నిలబడినవాళ్ళది కూడా ప్రార్థనే. మొదటిది గీసినాయన పేరు ప్రపంచమంతా తెలుసు. రెండోది గీయమని అడిగినావిడ పేరు మన ఫిషింగ్ హార్బరులో మాత్రమే తెలుసు. ఇది నాకు అన్యాయంగా తోచింది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇంకో సంగతి జరిగింది. ఒడ్డు పూర్తయిన మర్నాడే స్టిక్కర్ల వాడి దగ్గరికి నడిచిన ఓనర్లిద్దరూ గులాం దగ్గరికి తిరిగి నడిచారు. వాళ్ళ వెనక మరో ఇద్దరు. నలుగురిదీ ఒకటే మాట.

“భాయ్, మాకు అల వొద్దు. మా ఆడోల్ని గీసీ సాలు.”

ప్రపంచ ప్రసిద్ధమైన అలని విశాఖపట్నంలో నలుగురు ఓనర్లు వద్దనేశారు. హోకుసాయి విని ఉంటే ఏమనేవాడో గాని నేను మాత్రం కడుపుబ్బా నవ్వాను. గులాం నవ్వలేదు. వేట మొదలవగానే ఆ బోట్లు వెళ్ళిపోతాయి. ఒక్కో బోటూ తిరిగొచ్చినప్పుడల్లా రెండు మూడు రోజులు ఆపుకుని గీస్తూపోతే దసరా దాకా పని. జూన్ పదిహేను ఒప్పందం మాత్రం జూన్ పదిహేనునే వస్తుంది. నలుగురు రావడం జనం రావడమేనా కాదా అన్నది ఆమినాబీ చెప్పాలి. ఆమె ఆ మాటే ఎత్తడం లేదని, అడగడానికి తనకి ధైర్యం చాలడం లేదని నాతో అన్నాడు.

జూన్ పదిహేను తెల్లారింది. హార్బరంతా తోరణాలు, పసుపూ కుంకాలు, డప్పులు. నూకరత్నం గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టి బోటు ముక్కుకి కొబ్బరికాయ కొట్టింది. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. తాతబాబు చుక్కాని ముట్టాడు. అప్పుడు చూశాను, జనం వెనక నుంచి ఆమినాబీ మెల్లిగా, మోకాళ్ళు పట్టుకుంటూ వస్తోంది. పదిహేనేళ్ళలో ఆమె హార్బరులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. జాకీర్ ఆటో పంపిస్తానన్నాడట, భర్తని అక్కణ్ణించే ఎక్కించి తీసుకుపోదామని వచ్చింది. “సందంతా ఆ బొమ్మ గురించే మాట్లాడతన్నారు మేస్టారూ. ఎల్లిపోయేముందు ఓసారి సూద్దామని,” అంది నాతో.

గులాం పక్కకి తప్పుకున్నాడు.

ఆమె ముందు అల దగ్గర నిలబడింది. తర్వాత పక్క చెక్కల వెంబడి నడిచింది. ఒక్కొక్క వీపూ చూసుకుంటూ వరస చివరికి వచ్చి ఆగిపోయింది. నేను కూడా ఆ చివర అప్పటిదాకా చూడలేదు. ముందురోజు సాయంత్రం నేను ఇంటికి వెళ్ళాక గీసినట్టున్నాడు. మిగతావాళ్ళకి ఒక్క అడుగు ఎడంగా నల్ల బురఖాలో ఒకావిడ, ఒక మోకాలు కాస్త వంచి, చేతిలో స్టీలు క్యారేజీతో, సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంది.

ఆమినాబీ ఇంకో అడుగు దగ్గరికి వెళ్ళి ఆ క్యారేజీ చూసింది.

“నానెప్పుడొచ్చాను ఇక్కడికి?” అంది. గొంతు కోపంగా ఉంది. కళ్ళు అలా లేవు.

గులాం నేల చూస్తూ చెప్పాడు. “పోయినేడు సెయ్యిరగ్గొట్టుకున్న కాణ్ణించీ నాను ఇంటికొచ్చీదాకా గుమ్మంలో నిలబడే ఉంటన్నావు కదా. అది ఒడ్డు కాదేటి?”

గణేష్ బోటు ఇంజను మొదలైంది. డప్పులు గట్టిగా మోగాయి. బోటు కదిలి, మెల్లిగా తిరిగి, దారి పట్టింది. గట్టు మీదున్న ఆడవాళ్ళందరూ ముందుకి జరిగి చూస్తున్నారు. ఆమినాబీ కూడా జరిగింది. నూకరత్నం ఆమెకి చోటిచ్చి, జారిపోకుండా మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ అదే మొదటి పరిచయం. బోటు చిన్నదయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడి చూశారు.

అప్పుడు ఆమినాబీ ఫోను మోగింది. జాకీర్. ఆటో హార్బరు గేటు దగ్గరికి వచ్చేసిందట, మామ ఎక్కడున్నాడని అడుగుతున్నాడు. గులాం ఆమె వైపు చూశాడు. పరీక్ష పేపర్లు ఇచ్చే రోజున పిల్లలు నా వైపు అలా చూసేవారు.

ఆమె మొహం తుడుచుకుని, ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

“ఆటో ఎనక్కి పంపీ బేటా. మీ మామకి ఇంకా నాలుగు పడవలున్నాయంట. ఆ కుర్చీ ఎవలికన్నా ఇచ్చీ. నువ్వు ఎదురుసూడకు, ఆ పని నాది.”